తీగపాకం నుంచి అల్యూమినా పోగు దాకా: చిన్న ల్యాబ్‌లో సిరామిక్ ఫైబర్ ఎలా తీయాలి

ఏటా కొత్త బ్యాచ్ రాగానే ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు: "సార్, మన కోరాపుట్ జిల్లాలోనే దమన్‌జోడి ఉంది, అక్కడ టన్నుల కొద్దీ అల్యూమినా పౌడర్ తయారవుతోంది, దాన్ని కరిగించి గాజులాగా దారం లాగేస్తే పోదా?" మంచి ప్రశ్నే. దీనికి జవాబు అర్థమైతే మిగతా పనంతా ఎందుకిలా చేస్తున్నామో తెలిసిపోతుంది, కాబట్టి ముందు అదే చెబుతాను.

అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, కరగాలంటే 2050 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అంత వేడి చేసినా లాభం లేదు, ఎందుకంటే కరిగిన గాజు తేనెలాగా సాగుతుంది కానీ కరిగిన అల్యూమినా నీళ్లలాగా పల్చగా ఉంటుంది. లాగితే తీగ రాదు, చుక్కలు చుక్కలుగా తెగిపోతుంది. సగం సిలికా కలిపితే సాగుతుంది, అలా కరిగించి గాలితో ఊది తీసేదే ఫర్నేసులకు చుట్టే తెల్లటి దుప్పటి. తేరుబలి ఫెర్రోక్రోమ్ వైపు, జేకేపూర్ పేపర్ మిల్లు వైపు పనిచేసినవాళ్లు ఇలాంటి దుప్పటిని చూసే ఉంటారు. అది వేడిని ఆపుతుంది, అంతవరకే. బరువు మోయదు. కాంపోజిట్‌లో, అంటే పోగులు వేసి బలపరిచిన పదార్థంలో, పెట్టాలంటే బరువు మోసే పోగు కావాలి, దానికి అల్యూమినా శాతం బాగా ఎక్కువ ఉండాలి. దాన్ని కరిగించి తీయలేం. అందుకని ముందు చల్లగా ఉన్నప్పుడే, అల్యూమినియం ఉప్పు ద్రావణాన్ని పాకం పట్టి, పోగు లాగి, ఆ తర్వాత కాల్చి సిరామిక్ చేస్తారు. 1970లలో ఐసీఐ కంపెనీ సాఫిల్ అనే అల్యూమినా పీచును ఈ దారిలోనే తెచ్చింది. త్రీఎం కంపెనీ నెక్స్‌టెల్ పోగులదీ ఇదే దారి, ద్రావణాన్ని చిక్కబరిచి జెల్ చేసి కాల్చడం, దీన్నే సోల్-జెల్ అంటారు.

దమన్‌జోడి పౌడర్ సంగతి కూడా తేల్చేద్దాం. అది అల్యూమినియం లోహం తీయడానికి చేసిన పౌడర్. అప్పటికే కాల్చేసింది కాబట్టి నీళ్లలో కరిగి పాకం అవ్వదు. పైగా బాక్సైట్‌ను కాస్టిక్ సోడాలో కరిగించి తీస్తారు కాబట్టి కొంచెం సోడా అందులో మిగిలిపోతుంది. సోడియం ఉన్న పోగు బాగా వేడెక్కినప్పుడు లోపలి గింజలు, అంటే సన్నటి స్ఫటికాలు, పెరిగిపోయి బలం పోతుంది. మన నేల కింద ఇంత బాక్సైట్ పెట్టుకుని పోగు కోసం బయటి నుంచి ఉప్పు కొనుక్కోవడం నాకూ బాధగానే ఉంటుంది కానీ, మొదటి పోగు తీయడానికి మాత్రం శుభ్రమైన ఉప్పే కొనండి.

సిలికాన్ కార్బైడ్ పోగు గురించి కూడా అడుగుతారు. దాని దారి వేరు. 1975లో జపాన్‌లో తొహోకు విశ్వవిద్యాలయంలో యజిమా బృందం పాలీకార్బోసిలేన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం నుంచి దాన్ని తీసింది, 2016 నుంచి లీప్ విమాన ఇంజన్లలో ఆ రకం కాంపోజిట్ ముక్కలు వాడుతున్నారు. కానీ ఆక్సిజన్ సోకకుండా మొత్తం జడవాయువులో కాల్చాలి. మామూలు కాలేజీ ఫర్నేసుతో అయ్యే పని కాదు. అల్యూమినా అయితే మామూలు గాలిలోనే కాలుతుంది, అందుకే మనకు ఇదే సరైన మొదలు.

కొనాల్సినవి

అల్యూమినియం క్లోరోహైడ్రేట్ పొడి 100 గ్రాములు. నీటి శుద్ధికి వాడే పాలీ అల్యూమినియం క్లోరైడ్ కూడా చూడడానికి ఇలాగే ఉంటుంది, చవక కూడా, కానీ అందులో క్లోరైడ్ ఎక్కువ, కొన్నిట్లో సల్ఫేట్ కూడా ఉంటుంది, పోగు సరిగా సాగదు. డబ్బా మీద క్లోరోహైడ్రేట్ అనే ఉందో లేదో చదివి తీసుకోండి. మంచి పొడిలో బరువులో 46 నుంచి 48 శాతం దాకా అల్యూమినా దిగుతుంది, అంటే 100 గ్రాములకు సుమారు 47 గ్రాములు.

కొల్లాయిడల్ సిలికా, అంటే నీళ్లలో తేలుతూ ఉండే అతి సన్నటి సిలికా రేణువులు, 30 శాతం ఉన్నది, సుమారు 8 గ్రాములు. ఇక్కడ ఒక మెలిక ఉంది. బజారులో ఎక్కువగా దొరికేది క్షార గుణం ఉన్న సిలికా. మన ద్రావణం కొంచెం ఆమ్లం, పీహెచ్ 4 ప్రాంతంలో ఉంటుంది. రెండూ కలిస్తే పాలు విరిగినట్టు విరిగిపోతాయి. మాకు ఒకసారి సరుకు పంపినవాళ్లు అదే పంపారు, సీసా మీద చదవకుండా పోసేశాను, అర నిమిషంలో గిన్నె నిండా గడ్డలు. ఆమ్లంలో నిలిచే రకం కావాలని ఆర్డర్‌లోనే రాయండి, వచ్చాక పీహెచ్ పేపర్‌తో చూడండి, ముందు చిన్న గాజు గొట్టంలో రెండు చుక్కలు కలిపి చూసి అప్పుడే పెద్ద గిన్నెలో పోయండి.

పీవీఏ, అంటే పాలీవినైల్ ఆల్కహాల్, 3 గ్రాములు. ఇది పోగుకు సాగే గుణం ఇస్తుంది. డిస్టిల్డ్ వాటర్. మంచి ఫిల్టర్ పేపర్. మెలితిప్పి సూదిని బిగించే రకం సిరంజి 2 మి.లీ.ది, 0.25 మి.మీ. రంధ్రం ఉన్న మొద్దు సూదులు కొన్ని. 1200 డిగ్రీల దాకా వెళ్లే, ప్రోగ్రామ్ పెట్టుకోగలిగే ఫర్నేసు. పొగ బయటికి లాగే హుడ్. ఈ చివరిది లేకపోతే కాల్చే పని పెట్టుకోకండి, ఎందుకో ముందు ముందు చెబుతాను.

ద్రావణం కలపడం

ముందు పీవీఏ. 27 గ్రాముల చల్లటి నీళ్లలో 3 గ్రాముల పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి, ఆ తర్వాతే వేడి పెట్టి 85-90 డిగ్రీల దగ్గర పూర్తిగా తేటపడే దాకా తిప్పండి. వేడినీళ్లలో ఒక్కసారిగా పోస్తే ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్టు ఉండలు కడుతుంది, ఆ ఉండలు గంటలు తిప్పినా కరగవు.

వేరే గిన్నెలో 100 గ్రాముల నీళ్లు పెట్టి తిప్పుతూ 100 గ్రాముల క్లోరోహైడ్రేట్ పొడిని నెమ్మదిగా వేయండి. కాసేపు తెల్లగా మసకగా ఉంటుంది, గంటలో తేటపడుతుంది. తేటపడకపోతే రాత్రంతా అలాగే ఉంచేయండి. అందులో సిలికా చుక్కచుక్కగా, చివర్లో చల్లారిన పీవీఏ. మొత్తం బరువు సుమారు 238 గ్రాములు వస్తుంది, రాసిపెట్టుకోండి, ఖాళీ గిన్నె బరువు కూడా రాసుకోండి. ఈ కొలతలతో చివరికి పోగులో 95 వంతుల అల్యూమినాకు 5 వంతుల సిలికా ఉంటుంది. ఆ కొంచెం సిలికా ఎందుకంటే, వేడిలో గింజలు పెరగకుండా పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు, పల్చగా ఉన్నప్పుడే, వడకట్టండి. చిక్కబడ్డాక వడకట్టలేరు. సిరామిక్ పోగు ఎక్కడ తెగుతుందో తెలుసా, ఎక్కడ లోపం ఉందో అక్కడ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; పన్నెండు మైక్రాన్ల పోగులో రెండు మైక్రాన్ల దుమ్ము రేణువు ఉంటే, అది మన నడుముకు అడ్డంగా పడిన కోత లాంటిది. ల్యాబ్‌లో ఫ్యాన్ ఆపేయండి, గిన్నె మీద ఎప్పుడూ మూత ఉంచండి.

పాకం

మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైనదీ, కొత్తవాళ్లు ఎక్కువగా చెడగొట్టేదీ ఇదే. నేను బరంపురంలో మగ్గాల వీధిలో పెరిగాను. సంక్రాంతికి మామ్మ అరిసెల పాకం పట్టేటప్పుడు పళ్లెంలో నీళ్లు పోసుకుని పక్కన పెట్టుకునేది, గరిటెతో చుక్క తీసి నీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేసి చూసేది. వేళ్ల మధ్య తీగ సాగితే ఇంకా ఉండాలి, ఉండ కడితే దించెయ్యాలి. మనకు అరిసెల పాకం వద్దు, తీగపాకం కావాలి. ల్యాబ్‌లో చిక్కదనం కొలిచే మీటర్ ఉంటే మంచిదే కానీ, నేను ఇప్పటికీ ముందు గాజు కడ్డీనే నమ్ముతాను.

గిన్నెను నీళ్ల తొట్టిలో పెట్టి 50-60 డిగ్రీల మీద ఉంచి, మెల్లగా తిప్పుతూ నీటిని ఆవిరి కానివ్వండి. స్టవ్ మీద నేరుగా పెట్టొద్దు. అంచుల దగ్గర మీగడలాగా తొక్క కట్టి, అది లోపలికి కలిసిపోతే మళ్లీ కరగదు, సూదిలో అడ్డం పడుతుంది. అంచును గరిటెతో ఎప్పటికప్పుడు లోపలికి దింపుతూ ఉండండి. ఆరేడు గంటలు పట్టొచ్చు, తొందరపడకండి.

బరువు 180 గ్రాములకు దిగినప్పటి నుంచి ప్రతి పావుగంటకు చూడండి. శుభ్రమైన గాజు కడ్డీని ఒక సెంటీమీటర్ ముంచి, మెల్లగా పైకి లాగండి. మొదట్లో చుక్క జారి పడిపోతుంది. తర్వాత అంగుళం సాగి తెగి, తెగిన కొస చుక్కలోకి ముడుచుకుపోతుంది. ఇంకాసేపటికి జానెడు సాగుతుంది. 150 గ్రాముల చుట్టుపక్కలకు వచ్చేసరికి, అంటే బరువులో మూడో వంతు దాకా ఆక్సైడ్ ఉన్నప్పుడు, కడ్డీని చేయి ఎత్తగలిగినంత ఎత్తుకు లాగినా తీగ తెగదు. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే సాలీడు పోగులాగా మెరుస్తుంది. గాలిలోనే ఆరి గట్టిపడి, వేలికి తగిలితే అంటుకోకుండా వంగుతుంది. అదీ పాకం. అక్కడే దించేయండి. ఇంకో పది నిమిషాలు ఉంచితే ముదురు పాకం అయి, లాగితే రబ్బరులా సాగి పట్టున తెగుతుంది. అలా ముదిరిపోతే ఓ చెంచా నీళ్లు పోసి మూతపెట్టి రాత్రంతా ఉంచితే ఒక్కోసారి దారికొస్తుంది, జెల్ కట్టేస్తే మాత్రం పారేయడమే.

దించాక మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. లోపలి బుడగలు పైకి వచ్చేస్తాయి. ఒక్క బుడగ సూదిలోకి వెళ్తే పోగు తెగుతుంది, తెగిన చోట మళ్లీ అందుకోవడానికి పది నిమిషాలు పోతుంది.

పోగు లాగడం

ముందు వాతావరణం. గదిలో తేమ 40 శాతం లోపు ఉండాలి. మన వైపు సముద్రం దగ్గర, బరంపురం, గోపాలపురం, ఇచ్ఛాపురం దాకా, వానాకాలంలో తేమ 80 శాతం పైనే ఉంటుంది. ఈ జెల్ పోగులు ఉప్పులాంటివి, గాలిలో తేమ పీల్చుకుంటాయి. ఒక జూలైలో మధ్యాహ్నమంతా కూర్చుని తీసిన పోగులు ట్రేలో పెట్టి ఇంటికి వెళ్లాను, ఆ రాత్రి వాన పడింది, పొద్దున చూస్తే అన్నీ అతుక్కుని గాజు బిళ్లలా ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనైంది. అప్పటి నుంచి ఈ పని నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యనే పెట్టుకుంటాను, అది కూడా ఎండ ఎక్కాక. కోరాపుట్, జయపురం పీఠభూమి మీద ఉన్నవాళ్లకు చలికాలం మధ్యాహ్నాలు ఇంకా బాగుంటాయి, పొద్దుటి మంచు పూర్తిగా విడిచాకే మొదలుపెట్టండి. ఏడాది పొడవునా చేయాలంటే చిన్న గది మూసి డీహ్యూమిడిఫయర్ పెట్టుకోక తప్పదు.

సిరంజిలో పాకం నింపి, సూది మొన కిందికి ఉండేలా నిలువుగా బిగించండి. సూది పొట్టిది తీసుకోండి, పొడుగు సూదిలో ఇంత చిక్కటి పాకం నెట్టాలంటే చాలా ఒత్తిడి కావాలి, మామూలు సిరంజి అయితే సూది ఊడి ఎగిరిపోతుంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. మొనకు చుక్క రాగానే గాజు కడ్డీతో అందుకుని కిందికి లాగి, తిరుగుతున్న డ్రమ్ముకు అంటించండి. డ్రమ్ము కోసం పెద్ద ఖర్చు అక్కర్లేదు. మా ఇంట్లో పట్టు చుట్టే రాట్నం చూస్తూ పెరిగిన నాకు అదే తట్టింది: పది సెంటీమీటర్ల పీవీసీ గొట్టానికి ప్లాస్టిక్ షీట్ చుట్టి, స్పీడు తగ్గించుకునే చిన్న మోటారుకు బిగించాను. నిమిషానికి 200 చుట్లు తిరిగితే సెకనుకు ఒక మీటరు పోగు చుట్టుకుంటుంది. సూదికీ డ్రమ్ముకూ మధ్య అర మీటరు దూరం ఉంటే దారిలోనే ఆరుతుంది. ఆరకుండా డ్రమ్ము చేరితే చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, అప్పుడు దూరం పెంచండి.

పోగు ఎంత సన్నగా రావాలో లెక్క వేసుకోవచ్చు. జెల్ పోగు 20 మైక్రాన్లు ఉండాలనుకుంటే, సెకనుకు మీటరు వేగంతో ఒక్క సూది గంటకు రెండు మి.లీ. కూడా తాగదు. అంటే సిరంజి నెట్టే వేగం చాలా తక్కువ ఉండాలి. కాలిస్తే 20 మైక్రాన్లు 12, 13కి వస్తుంది. తల వెంట్రుక అరవై డెబ్భై మైక్రాన్లు ఉంటుంది, అందులో అయిదో వంతు అన్నమాట.

ఎక్కువ పీచు త్వరగా కావాలంటే పీచుమిఠాయి యంత్రం పద్ధతి ఉంది: అంచున సన్న రంధ్రాలున్న గిన్నెను వేగంగా తిప్పితే పాకం పీచులా బయటికి విరజిమ్ముతుంది. కానీ పొట్టి పీచు వస్తుంది, మందం అదుపులో ఉండదు, మూడు మైక్రాన్ల కన్నా సన్నటి పోగులు కూడా కలిసి వస్తాయి. అంత సన్నటివి ఊపిరితిత్తుల లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోతాయి. కొత్తవాళ్లు ఆ జోలికి వెళ్లొద్దు.

చుట్టడం అయ్యాక డ్రమ్ము మీద పోగులను ఒకచోట అడ్డంగా బ్లేడుతో కోసి, షీట్‌తో సహా విప్పి తీయండి. డ్రమ్ము మీద ఉంచి కాల్చకూడదు, ఎందుకంటే కాలుతూ పోగు పొడవులో మూడో వంతుకు పైగా ముడుచుకుంటుంది. మీటరు పోగు 63 సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. గట్టి గొట్టానికి చుట్టి ఉంటే ముడుచుకోవడానికి చోటు లేక ముక్కలైపోతుంది. తీసిన వెంటనే 80 డిగ్రీల ఓవెన్‌లో పెట్టేయండి, బయట ఉంచకండి.

కాల్చడం

100 గ్రాముల క్లోరోహైడ్రేట్‌లో సుమారు 17 గ్రాముల క్లోరిన్ ఉంది. అదంతా కాలేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిగా బయటికి వస్తుంది. హుడ్ కావాలన్నది ఇందుకే. ఆ ఆవిరి మన గొంతునే కాదు, ఫర్నేసు కాయిల్‌ను కూడా తినేస్తుంది. కాబట్టి ఒక్కో విడతకు పది గ్రాముల లోపే పెట్టండి, తలుపు పై రంధ్రం తెరిచి ఉంచండి, ఆవిరి నేరుగా హుడ్‌లోకి వెళ్లాలి.

పోగులను అల్యూమినా పలక మీద వంకర లేకుండా తిన్నగా, వదులుగా పరచండి. గుట్టగా పోస్తే మధ్యలోవి సరిగా కాలవు. ఇక ప్రోగ్రామ్. 80 నుంచి 500 డిగ్రీల దాకా నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పునే పోనివ్వండి, అంటే ఏడు గంటలు. 500 దగ్గర ఒక గంట ఆపండి. ఈ ఏడు గంటల్లోనే నీరు పోతుంది, క్లోరిన్ పోతుంది, పీవీఏ కాలిపోతుంది, పోగు బరువు సగానికి పడిపోతుంది. పోగులోంచి ఇవన్నీ బయటికి వెళ్లే దారి సన్నగా ఉంటుంది, వేడి తొందరగా పెంచితే లోపలి ఆవిరి దారి చాలక పోగును పగలగొట్టుకుని వస్తుంది. నా మొదటి విడత నిమిషానికి పది డిగ్రీలు పెట్టాను, సాయంత్రానికి అయిపోవాలని. తలుపు తీస్తే పలక మీద పోగుల ఆకారంలోనే తెల్లటి గీతలు ఉన్నాయి, బ్రష్ తగిలించగానే పొడి అయిపోయాయి.

ఈ దశలో ఫర్నేసులో కొంచెం నీటి ఆవిరి ఉంటే క్లోరిన్ బాగా వదులుతుంది. సాఫిల్ లాంటి పోగుల తయారీలో కూడా ఆవిరితో కాల్చే పద్ధతి ఉంది. మనకైతే ఫర్నేసులోకి వెళ్లే గాలి గొట్టాన్ని ముందు గోరువెచ్చని నీళ్ల సీసాలోంచి బుడగలుగా పంపితే చాలు.

మధ్యలో, 300 దగ్గర పోగులు గోధుమ రంగుకి, ఒక్కోసారి నల్లగా తిరుగుతాయి. భయపడకండి, అది పీవీఏ బొగ్గు, 500 దాటేసరికి తెల్లబడుతుంది. తెల్లబడకుండానే వేడి పెంచితే బొగ్గు లోపలే చిక్కుకుంటుంది. 500 దాటాక నిమిషానికి అయిదు డిగ్రీలు పెట్టి 1100కి తీసుకెళ్లి అరగంట ఉంచండి. సిలికా ఉంది కాబట్టి ఈ వేడిలో అల్యూమినా ఇంకా పూర్తిగా ఆల్ఫా రూపానికి, అంటే దాని చివరి స్థిరమైన స్ఫటిక రూపానికి, మారదు, గింజలు సన్నగా ఉంటాయి, పోగు వంగుతుంది. 1300 దాటిస్తే ఆల్ఫాగా మారి గింజలు లావెక్కుతాయి, పోగు పెళుసెక్కుతుంది. ఇంకొంచెం వేడి చేస్తే ఇంకొంచెం బలం వస్తుందనుకోవడం సహజమే కానీ ఇక్కడ అది నిజం కాదు. ఫర్నేసు దానంతటది చల్లారే దాకా తలుపు తీయొద్దు.

ముల్లైట్ (అల్యూమినా, సిలికా కలిసి ఏర్పడే స్ఫటిక పదార్థం) పోగు కావాలంటే సిలికా వాటా పెంచి, అల్యూమినా 72కి సిలికా 28 వచ్చేలా కలపాలి. పైన చెప్పిన 100 గ్రాముల పొడికి అప్పుడు 60 గ్రాముల కొల్లాయిడల్ సిలికా పడుతుంది. ఎక్కువ వేడిలో బరువు మీద మెల్లగా సాగిపోవడం దీనికి తక్కువ. కానీ కొల్లాయిడల్ సిలికాతో ముల్లైట్ కట్టాలంటే 1200 పైకి వెళ్లాలి, ఫర్నేసు చూసుకుని పెట్టుకోండి.

ఊపిరితిత్తుల సంగతి

కాల్చక ముందు ఇది ఉప్పు పోగు, కాల్చాక సిరామిక్. విరిగిన ముక్కలు కంటికి కనపడవు. అయిదు మైక్రాన్ల కన్నా పొడవు, మూడు మైక్రాన్ల కన్నా సన్నం ఉన్న పోగులను ప్రపంచ ఆరోగ్య సంస్థ పీల్చదగిన పీచుగా లెక్కిస్తుంది. ఫర్నేసు దుప్పటి రకం పీచును క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో, 2బీ వర్గంలో పెట్టింది. అందుకే పది మైక్రాన్ల పైనే లాగమంటున్నాను. ముఖానికి సరిగా అతికే ఎన్95 మాస్క్, గ్లోవ్స్, నిండు చేతుల కోటు. చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో తుడిచి గుడ్డను సంచిలో కట్టి పారేయండి. ఆ కోటు ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. ఇది మాత్రం ఎవరు తేలిగ్గా తీసుకున్నా నేను ఊరుకోను.

బలం ఎంత ఉందో చూడడం

పెద్ద యంత్రం లేకపోయినా మొదటి అంచనా వేయొచ్చు. అట్టముక్కలో మధ్యన 25 మి.మీ. కిటికీ కోయండి. ఒక్క పోగును దాని మీదుగా నిలువుగా పరచి రెండు కొసలూ అరల్డైట్‌తో అంటించి ఒకరోజు ఆరనివ్వండి. మైక్రోస్కోపు కింద మందం చూసి రాసుకోండి. అట్టను పైకొసన వేలాడదీసి, కిందికొసకు చిన్న కాగితపు కప్పు కట్టి, కిటికీ పక్క అంచులు రెండూ కత్తిరించేయండి. ఇప్పుడు బరువంతా పోగు మీదే. డ్రాపర్‌తో కప్పులో చుక్కచుక్కగా నీళ్లు వేయండి, తెగగానే కప్పును నీళ్లతో సహా, దాని కింది అట్టముక్కతో సహా తూచండి.

12 మైక్రాన్ల పోగు పది గ్రాములు మోసి తెగితే దాని బలం సుమారు 0.87 గిగాపాస్కల్. మామూలు ఇనుప కడ్డీ కన్నా మేలు. నెక్స్‌టెల్ 610 లాంటి పోగులు 3 గిగాపాస్కల్ దాకా వెళ్తాయి, దాంతో పోల్చుకుని డీలా పడకండి. ఒకటి రెండు పోగులతో తేల్చేయొద్దు. ఒక పోగు నాలుగు గ్రాములకే తెగుతుంది, దాని పక్కదే పదిహేను మోస్తుంది, సిరామిక్ గుణమే అంత, లోపం ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. ముప్పై పోగులు చేసి చూస్తే అప్పుడు మీ పాకం గురించి నిజం తెలుస్తుంది. అన్నీ తక్కువకే తెగుతుంటే కాల్చడంలో తప్పు. కొన్ని బాగా మోసి కొన్ని అసలు మోయకపోతే దుమ్ము, బుడగలు.

కాంపోజిట్ బిళ్ల

మన ఊళ్లలో మట్టి గోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి కలుపుతారు కదా, పగులు వచ్చినా గడ్డి పట్టి ఉంచుతుందని. ఇదీ అంతే, కానీ ఒక షరతు ఉంది. పోగు చుట్టూ ఉన్న పదార్థానికి గట్టిగా అతుక్కుపోతే, పగులు పోగును కూడా కోసుకుంటూ వెళ్లిపోతుంది, పలక గాజులా పగులుతుంది. పోగు కొంచెం జారాలి, పగులు పోగు దగ్గరకు వచ్చి పక్కకు తిరగాలి. అందుకు తేలిక దారి చుట్టూ ఉన్న పదార్థాన్ని బోలుబోలుగా ఉంచడం.

అర మైక్రాన్ లోపు ఉండే శుభ్రమైన ముల్లైట్ పొడి నాలుగు వంతులు, అంతకన్నా సన్నటి అల్యూమినా పొడి ఒక వంతు, నీళ్లలో దోసెపిండి కన్నా పల్చగా కలపండి. ముల్లైట్ ఈ వేడిలో ముడుచుకోదు, అల్యూమినా గింజల మధ్య అతుకు వేస్తుంది. పోగులను పడుగు పేర్చినట్టు ఒక వరస నిలువుగా పరచి, బ్రష్‌తో పిండి తాపి, దాని మీద ఇంకో వరస అడ్డంగా, మళ్లీ పిండి, ఇలా ఎనిమిది పది వరసలు. ప్రతి వరస దగ్గరా బుడగలు లేకుండా రోలర్‌తో మెల్లగా నొక్కండి. పైన ప్లాస్టిక్ కప్పి రెండు రోజులు మెల్లగా ఆరనివ్వండి, ఫ్యాన్ కింద పెడితే పైభాగం బీటలు వారుతుంది. ఆరాక 1100 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చండి, అంతకు మించొద్దు, మించితే చుట్టూ ఉన్న పదార్థం బిగిసిపోయి పోగును పట్టేసుకుంటుంది.

బిళ్ల చల్లారాక కొసన చిన్న గాటు పెట్టి రెండు చేతులతో వంచి చూడండి. టప్ మని రెండు ముక్కలై, విరిగిన అంచు నున్నగా ఉంటే పోగు అతుక్కుపోయిందని, తర్వాతి బిళ్లకు 50 డిగ్రీలు తగ్గించండి. మెల్లగా చిటపటమంటూ వంగి, విరిగిన అంచున పోగుల కొసలు పళ్ల బ్రష్‌లా బయటికి కనిపిస్తే, మాస్క్ తీయకుండానే దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి ఫోటో తీసుకోండి, తర్వాత మూత గట్టిగా బిగిసే డబ్బాలో పెట్టి, పాకం దించినప్పటి బరువు, ఆ రోజు గదిలో తేమ, కాల్చిన ప్రోగ్రామ్ డబ్బా మీదే రాసి అంటించండి.